నేను తెరవని ఫ్రిజ్

కరోనా తర్వాత ఐటీ ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, జూన్ నెలలో నన్ను మాదాపూర్ వైపు వేశారు. హోదా ఆహార భద్రతా అధికారి. జనం నోట్లో మాత్రం ఎప్పటికీ ఫుడ్ ఇన్‌స్పెక్టరే. హోటళ్లు, హాస్టల్ మెస్సులు, ఆఫీసు క్యాంటీన్లు, అటు నిజాంపేట దాకా నా పరిధి. ఇళ్లలో వండి లంచ్ బాక్సులు పంపేవాళ్లు ఆ ఏడాది పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారు. వాళ్లూ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మేం వెళ్లి వంటిల్లు చూసి, చెక్‌లిస్టులో టిక్కులు పెట్టి వస్తాం.

నిజాంపేటలో పద్మ అనే ఆవిడ పఫ్‌లు చేసేది. మైదా పిండికి డాల్డా పూసి మడతలు వేసి, లోపల ఆలుగడ్డ బఠానీ కూర పెట్టి, చిన్న ఓవెన్‌లో కాల్చేది. సోమవారం నుంచి శుక్రవారం దాకా, మధ్యాహ్నం పన్నెండుకల్లా స్కూటీ మీద తెచ్చి, మాదాపూర్‌లో ఒక టవర్ గేటు దగ్గర ఆఫీసువాళ్లకి అందించేది. రిజిస్ట్రేషన్‌కి తనంతట తానే దరఖాస్తు పెట్టుకుంది. అలాంటివాళ్లు నాకు అరుదుగా తగిలారు.

నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. హోటలువాళ్లు నన్ను చూసి వణికేవారు. అదొక గొప్పగా ఉండేది. పద్మ వంటిల్లు మాత్రం అద్దంలా ఉంది. తిట్టడానికి ఏమీ దొరక్క, ఆవిడ ఇచ్చిన పఫ్ తిన్నాను. అబ్బ, ఎంత బాగుందో! ముందురోజు వండిన కూర చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచే వీలుందా అని చెక్‌లిస్టులో ఒక ప్రశ్న. మూలన ఫ్రిజ్ కనబడింది. ఉంది అని టిక్ పెట్టాను. "బాగుందమ్మా, ఇలాగే చెయ్యి" అని లేచాను. ఫ్రిజ్ తలుపు తెరవలేదు. చేతిలో పఫ్ ఉంది.

మరుసటి వేసవిలో ఒక మంగళవారం ఆ టవర్ నుంచి ఫిర్యాదు వచ్చింది. పద్మ పఫ్‌లు తిన్నవాళ్లకి రెండు మూడు గంటల్లోనే వాంతులు. ఆఫీసువాళ్లు క్యాబుల్లో ఆస్పత్రికి పోయి, సెలైన్లు ఎక్కించుకుని మర్నాటికి తేరుకున్నారు. గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు యాదయ్య తేరుకోలేదు. గోపన్‌పల్లి మనిషి. షుగరు ఉంది, కిడ్నీలు అంతంతమాత్రం. ఎండదెబ్బ అనుకుని, డ్యూటీ అందుకునే మనిషి రాలేదని సాయంత్రం దాకా కుర్చీలోనే కూర్చున్నాడట. మూడో రోజు దవాఖానలో పోయాడు. స్కూటీ నీడలో పెట్టుకోనిస్తాడని పద్మ అతనికి రోజూ ఒక పఫ్ ఊరికే ఇచ్చేది.

ఫిర్యాదు వచ్చిన మర్నాడు పొద్దున్నే, యాదయ్య ఇంకా ప్రాణాలతో ఉండగానే, శాంపిల్ తీయడానికి వెళ్లాను. సాక్షి ముందు పదార్థాన్ని శుభ్రమైన సీసాల్లోకి తీసి, సీలు వేసి, ఐసులో పెట్టి ల్యాబుకి పంపాలి. పద్మ మిగిలిన కూర పారబోసి ఉంటే నాకేమీ దొరికేది కాదు. తనే గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

"దాచేదేముంది సార్, నిన్న పఫ్‌లల్ల పెట్టిన కూరనే గిది. చూడుండ్రి."

ఆవిడ చూపుడు వేలికి పసుపు గుడ్డ కట్టి ఉంది. ఆలుగడ్డ చెక్కు తీస్తుంటే తెగి మూడు రోజులైందట.

అప్పుడు తెరిచాను ఫ్రిజ్. పెరుగు, దోసెల పిండి, పాల ప్యాకెట్లు, పచ్చడి సీసాలు. ఇంకో గిన్నె పట్టే చోటు లేదు. మరి కూర ఎక్కడ పెడతావని అరిచాను. సాయంత్రం వండి, పురుగు పడకుండా మూత పెట్టి, పొయ్యి మీదే ఉంచుతానంది.

"పొద్దుగాల ఓవెన్‌ల కాలుస్త గద సార్, ఏ క్రిమైనా సస్తది. మీరే వచ్చి చూసి గిట్లనే చెయ్యమంటిరి!"

సాక్షి ముందు ఆ కూర సీసాల్లోకి తీసి సీలు వేశాను.

తెగిన వేలి నుంచి కూరలో చేరిన క్రిమి, మూత కింద వెచ్చదనంలో తెల్లారేదాకా పెరిగింది. ఓవెన్ వేడికి క్రిమి చస్తుంది. అది అప్పటికే వదిలిన విషం చావదు. ఈ సంగతి ఆవిడకి ముందే చెప్పాల్సింది నేను. ఆ రోజు చెప్పాను గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. సురక్షితం కాదని ల్యాబు నివేదిక వచ్చింది. రిజిస్ట్రేషన్ రద్దయింది. పై అధికారుల అనుమతి తీసుకుని కోర్టులో కేసు వేసింది కూడా నేనే.

సాక్ష్యం రోజున ఆవిడ లాయరు నన్ను అడిగాడు, మీరు ముందు తనిఖీ చేశారా అని. చేశానన్నాను. ఫ్రిజ్ ఉందా అన్నాడు. ఉందన్నాను. తలుపు తెరిచి చూశారా అని అడగకుండా, అంతటితో కూర్చున్నాడు. పద్మ బోనులోంచి నా వైపే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు; రిటైర్మెంటుకి ఏడాదే ఉంది.

తర్వాత కొత్తగా చేరిన అధికారులకి, ఫ్రిజ్ ఉందని రాసేముందు తలుపు తెరిచి చూడమని చెబుతూ ఉండేవాడిని. ముసలాయన చాదస్తం అనుకునేవారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పద్మ కేసు వచ్చే నెలకి వాయిదా పడింది.