నవ్వు ఆపుకుని కూర్చున్న మా మేడం

నాకు పరిశోధన నేర్పిన గైడ్ మేడం మంగళవారం పొద్దున పోయారు. ఫోన్ వచ్చినప్పుడు హన్మకొండ చౌరస్తాలో ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఎటు పోవాలో కాసేపు తెలియలేదు.

మేం మనుషుల మీద కావాలని ఒత్తిడి పెట్టేవాళ్లం. అదే మా ప్రయోగం. వచ్చిన వాలంటీర్ మా ఇద్దరి ముందు నిలబడి, పెద్ద సంఖ్యలోంచి పదమూడు చొప్పున తీసేస్తూ నోటితో లెక్క చెప్పాలి. తప్పితే "మళ్లీ మొదటినుంచి" అంటాం. మేం నవ్వకూడదు, తల ఊపకూడదు. వాళ్ల గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో మిషన్ రాసుకుంటుంది.

క్లాసులో ఊరికే నవ్వే మనిషి మేడం. లోపలికి వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, నవ్వును చెరిపేసుకున్నట్టు కొంగుతో మొఖం గట్టిగా తుడుచుకునేవారు. అయిపోగానే వాలంటీర్ చేతులు పట్టుకుని, "నీ తప్పేం లేదు బిడ్డా, మేమే కావాలని చేసినం" అని చాయ్ తాగించి పంపేవారు. "నిలబడ్డోళ్లకు ఇది ప్రయోగం కాదు, యాదుంచుకో" అని నాతో అనేవారు.

ఒకరోజు తొర్రూరు నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి నిలబడింది. నాలుగో లెక్కకే తడబడింది. తప్పినప్పుడల్లా "సారీ మేడం" అంటోంది. మేడం బల్ల కింద నా మణికట్టు పట్టుకున్నారు. ఆపమని. నేను ఇంకా రెండుసార్లు "మళ్లీ మొదటినుంచి" అన్నాను. మేడమే లేచి ఆపేశారు. ఆ పిల్ల చాయ్ ముట్టలేదు.

వారానికి హాస్టల్ ఖాళీ చేసిందని తెలిసి, ఇద్దరం బస్సెక్కి తొర్రూరు పోయినం. వాకిట్లోనే మాట్లాడింది.

"నాకు చదువు రాదని మీ మొఖాల్లనే తెలిసింది మేడం."

"అది ఉత్త నాటకం బిడ్డా. ఆ రోజే చెప్పిన కదా."

"చెప్పిన్రు. అయినా ఆ మొఖాలు కండ్లల్లకెల్లి పోతలేవు."

మేడం ఆ అధ్యయనం ఆపేశారు. నేను వేరే గైడ్ దగ్గరికి మారి, అదే పని పూర్తిచేసి డాక్టరేట్ తీసుకున్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పోయిన నెల మేడంను చూడటానికి దవాఖానకు వెళ్తే, ఆయాసంతోనే అడిగారు: "ఆ పిల్ల ఏం చేస్తాంది?"

"చదువుతాంది మేడం."

"నువ్వు పోయి చూసినవా?"

తల ఊపాను. నేను మళ్లీ ఆ ఊరు పోనేలేదు. "మంచిదిరా" అని ఆమె అలసటగా కళ్లు మూసుకున్నారు. అబద్ధమని తెలిసే అలా అన్నారేమో. ఇక అడిగే వీలు లేదు.

చర్చి వెనక సమాధుల తోటలో అందరూ మేడం శవపేటిక మీద పిడికెడు మన్ను వేసి చేతులు దులుపుకున్నారు. నా పిడికిలి తెరుచుకోలేదు. పాస్టర్ గారు పక్కన నిలబడి ఎదురుచూస్తున్నారు. ఎర్రమన్ను చెమటకు ముద్దయి, వేళ్ల సందుల్లోంచి నా చెప్పుల మీదే రాలుతోంది.