కాల్షియం లేని నీళ్ళు

విశాఖపట్నంలో ఉన్నన్నాళ్ళూ మా ఆయనకి బోరు నీళ్ళంటే పగ. బకెట్ల అడుగున తెల్లటి పొర, గీజర్ విప్పితే సున్నం పెచ్చులు. "అంతా కాల్షియమే" అని పళ్ళు నూరేవారు. రిటైరయ్యాక అరకు దగ్గర ఇల్లు కట్టుకున్నాం. కొండ ఊట నీళ్ళు పైపులో ఇంటికే వస్తాయి. ఆ ధైర్యంతో వరండా పక్కన హాట్ టబ్ పెట్టించారు. వేడినీళ్ళు బుడగలు కక్కుతూ నడుముకి కాపడం పెట్టే పెద్ద తొట్టె అది. వచ్చినవాళ్ళందరికీ "మా నీళ్ళలో కాల్షియం లేనే లేదు" అని, ఆ కొండని తానే వడగట్టినట్టు చెప్పుకునేవారు.

ఒకరోజు ఆయన అక్కగారు వచ్చి టబ్‌లో దిగారు. ఈయన బుడగల మీట నొక్కారు. నురగ లేచి ఆవిడ గడ్డం దాకా వచ్చింది.

"ఏట్రా ఇది, సర్ఫు కలిపావేటి?"

వెంటనే టబ్ అమ్మిన కొట్టుకి ఫోన్ చేశారు.

"మీ నీల్లలో కాల్షియం మరీ తక్కువండి. అందుకే నురగ వత్తంది. అలాగే వదిలేత్తే హీటర్ని లోపల్నించి తినేత్తాది. పొడి పంపుతాం, కొంచెం కొంచెం కలపండి."

"కాల్షియమా! దాన్ని తప్పించుకోడానికే కదయ్యా కొండెక్కాను!"

పొడి వచ్చాక డబ్బాని కొన్నాళ్ళు అనుమానంగా చూశారు. తరవాత నురగ మీది కోపంతో మొత్తం కుమ్మరించారు. తెల్లారేసరికి నీళ్ళు పల్చటి మజ్జిగలా ఉన్నాయి. తొట్టె అంచు చేత్తో తడిమితే గరుకు. విశాఖపట్నం బకెట్లే.

ఇక పొద్దున్నా సాయంత్రం కాల్షియం ఎంతుందో చెప్పే కాగితం నీళ్ళలో ముంచి రంగు చూడ్డమే ఆయన పని. పక్క కాఫీతోట ఆవిడ గోడ మీంచి చూసి, "ఏటమ్మా, నీల్లకి జొరమేటి? సారు వొగ్గకుండా సూత్తన్నారు" అంది. ఆ రోజుల్లోనే, డాక్టరు నాకు రాసిన కాల్షియం మాత్రలు అయిపోయాయని చెప్పాను.

"ఉండవే, ముందు దీని సంగతి తేలనీ" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. నేనే వెళ్ళి తెచ్చుకున్నాను.

చివరికి సగం నీళ్ళు వదిలేసి, ఊట నీళ్ళు నింపి, కొంచెం కొంచెంగా సరిచేశారు. నీళ్ళు తేటపడ్డాయి. దానితో కొత్త చిక్కు వచ్చింది. తలనూనె, పౌడరు, చెమట ఏది తగిలినా నీళ్ళ బాలెన్స్ పోతుందట. మళ్ళీ వచ్చిన అక్కగారికి టబ్‌ని దూరం నుంచే చూపించి కాఫీ ఇచ్చి పంపారు.

ఒక చలి సాయంత్రం ఆయన సంతకి వెళ్ళగానే మూత తీసి, జడ కూడా విప్పకుండా దిగాను. మెడదాకా వెచ్చదనం. పాడు బాలెన్సు, ఎటుపోతే నాకేం అనిపించింది.

సంచీతో తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"నూనె తలతోనా!"

నేను కదల్లేదు. ఆయన కాసేపు గొణిగి, ప్యాంటు మడిచి, అంచున కూర్చుని కాళ్ళు లోపల పెట్టారు.

"వెచ్చగా బానే ఉందే" అన్నారు, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు.