మూత స్విచ్చికి కట్టిన నూలు

కరోనా తగ్గిన మరుసటి ఏడు తమిళనాడులోని రాజపాళయంలో ఒక నూలు మిల్లుకి సంక్షేమాధికారిగా వెళ్ళాను. కార్మికుల బాగోగులు నా పని. ప్రమాదం జరిగితే మిల్లు లోపలి విచారణకి అధికారినీ నేనే.

పత్తిని దువ్వే కార్డింగ్ యంత్రానికి, మూత తెరవగానే ఆగిపోయేలా ఒక స్విచ్చి ఉంటుంది. పీచు అడ్డుపడి మాటిమాటికీ ఆగితే ఉత్పత్తి పడిపోతుందని అళగర్‌సామి మేస్త్రి ఆ స్విచ్చిని నూలుతో నొక్కి కట్టేశాడు. ఇక మూత తీసినా యంత్రం తిరుగుతూనే ఉంటుంది. సేత్తూరు నుంచి బస్సులో వచ్చే రామలక్ష్మి పీచు తీయబోయి కుడిచేతి వేళ్ళు రెండు పోగొట్టుకుంది.

మేస్త్రి కట్టడం కళ్ళారా చూసింది ఆమె ఒక్కతే. ఆ ఒక్క మాట చెబితే అతన్ని తీసేస్తారు, మిగతా ఆడవాళ్ళ చేతులు దక్కుతాయి. విచారణలో నాకేం తెలీదంది. విచారణాధికారి సాక్షికి మాట అందించకూడదు. అంతా ముగిశాక, ఒళ్ళు మండి, ఎందుకమ్మా ఇలా చేశావని అడిగాను.

"ఆయనా పావం సార్. ఆస్పత్రికి వచ్చి ఏడ్చినాడు. ఇంట్లో పెండ్లాం పడకలో ఉండాది. మన సీరియల్లో ముదలాళి మాత్రం? ఎంతమందిని ముంచినా, రూములో ఒంటిగా ఏడిస్తే మనసు ఆగదే!"

క్యాంటీన్ టీవీలో ఆ సీరియల్ నేనూ చూసేవాణ్ణి, ముదలాళి అని పిలిచే ఆ యజమాని వెధవ కోసమే చూసేవాణ్ణి. వాడి ప్రతి పాడుపని వెనకా వాడి కన్నీళ్ళు చూపిస్తారు. వాడు ముంచినవాళ్ళ ఇళ్ళకి కెమెరా వెళ్ళదు.

సాక్ష్యం లేక మేస్త్రిని హెచ్చరికతో వదిలేశారు. రామలక్ష్మిని ఊడ్చే పనికి మార్చారు.

కొన్నాళ్ళకి తనిఖీలో అదే స్విచ్చికి మళ్ళీ నూలు కనిపించింది. ఆ వారం మేస్త్రి సెలవులో ఉన్నాడు. ఎవరు కట్టారని అరిచాను. రామలక్ష్మి జాగాలో చేరిన కొత్త అమ్మాయి ముందుకొచ్చింది.

"నేనే కట్టినా సార్. ప్రొడక్షన్ తగ్గితే మేస్త్రిని తిడతారు. పావం, ఇంట్లో ముందే కష్టం."

చీపురు ఎడమచేత పట్టుకుని నిలబడ్డ రామలక్ష్మి అవునన్నట్టు తల ఊపింది. నేను ఆ నూలు కోసేశాను.

ఎందుకు చేశాడో చూపిస్తే, ఏం చేశాడో జనం చూడరు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. రిటైరయ్యేదాకా ఆ నూలు నేను కోస్తూనే ఉన్నాను, వాళ్ళు కడుతూనే ఉన్నారు.