వేడిగా లేని రాయి

పోయిన నెల ఒక ఉదయం, పోర్టులో డ్యూటీ దిగి గేటు దాటుతుంటే మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, నాన్న లెగలేదు" అంది. మల్కాపురంలో వాళ్లింటికి చేరేసరికి అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆయనకని తెచ్చిన టీ గ్లాసు కిటికీలో అలాగే చల్లారిపోయి ఉంది. "నిద్దట్లోనే ఎల్లిపోయార్రా" అంది నన్ను చూసి. "ఆ దిగులు ఇంక నేదులే ఆయనకి."

ఏ దిగులో ఆ ఇంట్లో మా ముగ్గురికీ తెలుసు. దాని గురించే ఇది రాస్తున్నాను.

పోయినాయన మా అక్క భర్త. నేను ఆయన్ని బావా అనేవాణ్ణి, ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. ఇనుము పోతపోసే ఒక చిన్న ఫౌండ్రీలో, లాబ్‌లో పని. వచ్చిన సరుకులో ఏముందో పరీక్షించి కాగితం మీద రాసివ్వడమే ఉద్యోగం. ఇంటికొచ్చాక మాత్రం ఆయన మనసంతా ఆకాశంలోనే ఉండేది. రిఫైనరీ మంట వెలుగుకి మా పేటలో చుక్కలు సరిగా కనిపించవు. అయినా పాత పుస్తకాల దుకాణాల్లో ఖగోళం మీద ఏది దొరికినా తెచ్చుకునేవాడు.

నాకు మొదటి పాఠం అక్క వంటింట్లో చెప్పాడు. అక్క పోపు వేస్తోంది. చుక్క రాలితే భూమ్మీద ఎక్కడ పడుతుంది బావా అని అడిగాను. ఆయన డబ్బాలోంచి ఒక ఆవగింజ తీసి నా అరచేతిలో పెట్టాడు.

"సుక్కలు రాలవు బావా. పైనుంచి ఇంతేసి రేణువులు వచ్చి గాలికి రాసుకుని ఎలిగిపోతాయి. అదే ఉల్క. నూటికి తొంబైతొమ్మిది పైనే అయిపోతాయి. కాత్త పెద్ద రాయైతేనే ఏదో ముక్క మిగిలి కిందకి దిగుద్ది. అలాటిది ఒకటి సేత్తో పట్టుకోవాల బావా, సచ్చేలోగా."

ఆ కోరిక సంగతి ఎలా పాకిందో గానీ, జనం ఆయన దగ్గరికి రాళ్లు తెచ్చేవాళ్లు. నల్లగా, బరువుగా ఉన్న ప్రతిదీ ఆకాశం నుంచి పడిందనే నమ్మకం. మన ఊళ్లో నల్లరాయికి కరువా? ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం రోడ్ల కింద, గోతుల్లో, రైలు పట్టాల పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది. బావ రాయిని తిప్పి, బుడగలు పేలిన చిల్లులు చూపించి, చిట్టెమని చెప్పి పంపేసేవాడు. చాలా ఏళ్లు అదే పని. పోనుపోనూ రాయిని తిప్పి చూడడం కూడా తగ్గింది.

అలాంటి రోజుల్లోనే ఒక రైతు వచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి బావని బండి మీద ఇంటికి తీసుకెళదామని నేను లాబ్‌లో కూర్చుని ఉన్నాను. భీమునిపట్నం దాటాక ఏదో ఊరట, జీడితోట ఉందట. రెండు బస్సులు మారి వచ్చాడు. తువ్వాలు మూట విప్పి, పిడికిలికి కొంచెం పెద్దదైన నల్లరాయిని బల్ల మీద పెట్టాడు. ఒక మూల విరిగి లోపల బూడిదరంగు కనిపిస్తోంది.

"పట్టపగలు పడింది బాబూ. ముందు ఆకాశంలో ఉరిమినట్టయింది. మబ్బు నేదు. తర్వాత తోటలో దబ్బుమని సప్పుడు. నానే ఎల్లి తీసేను."

"ఎంటనే తీసేవా?"

"ఎంటనే."

"సెయ్యి కాల్లేదా?"

రైతు తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అబద్ధం చెప్పదలచుకుంటే అక్కడే చెప్పేవాడు. "నేదు బాబూ. సల్లగానే ఉంది" అన్నాడు.

బావ నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. "ఆకాశంలోంచి మండుకుంటా వచ్చిన రాయి సల్లగా ఉంటాదేటి అన్నా? ఎవడో లారీ మీంచి ఇసిరేసుంటాడు. చిట్టెం ఇది" అన్నాడు. రాయిని చేతిలోకి తీసుకున్నాడు గానీ దాన్ని చూడలేదు. గడియారం చూశాడు. ఆకలి వేళ.

రైతు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. రాయి బల్ల మీదే వదిలేశాడు. బావ దాన్ని కిటికీలోంచి వెనకాల చిట్టెం గుట్ట మీదికి విసిరేశాడు. మేం భోజనానికి వెళ్లిపోయాం.

బావ రిటైరైన తర్వాత, రుషికొండ వైపు ఒక కాలేజీలో ఉల్కల మీద ఉపన్యాసం ఉందని తెలిసి నన్ను కూడా తీసుకెళ్లాడు. మాట్లాడినావిడ నిజమైన ఉల్కాశిల ముక్కొకటి తెచ్చి అందరి చేతికీ ఇచ్చింది. పైన పలచటి నల్లని పొర. విరిగిన చోట బూడిదరంగు, అందులో సన్నటి లోహపు మెరుపులు. బుడగలు లేవు. అది చేతికి రాగానే బావ ఆ విరిగిన చోటునే మళ్లీ మళ్లీ తడమడం చూశాను. ఎన్నాళ్లుగానో కోరుకున్నది కదా, ఆ సంతోషమే అనుకున్నాను.

అప్పుడే ఆవిడ చెప్పింది. ఈ రాళ్లు నేలకి తాకేటప్పుడు మండుతూ ఉండవు. పైపొర ఒక్కటే కొన్ని క్షణాలు కరిగి ఊడిపోతుంది. లోపల అంతరిక్షపు చలి అలాగే ఉంటుంది. చివరి కొన్ని మైళ్లూ మామూలు రాయిలాగే చల్లటి గాలిలోంచి పడతాయి. పడగానే తీసినవాళ్లు చల్లగా ఉందని చెప్పిన సందర్భాలు ఉన్నాయి.

బావ లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఆడు నిజమే సెప్పేడు బావా. అబద్ధమాడాలనుకుంటే వేడిగా ఉందనే సెప్పేవోడు. నానే..." అని ఆగిపోయాడు.

ఆ రైతు ఊరు వెతుక్కుంటూ వెళ్లాం. బస్సు దిగి, అప్పట్లో రాయి పడిన జీడితోట ఎక్కడని అడిగితే టీ కొట్టు దగ్గరివాళ్లు నవ్వారు. "ఎవరు, సుక్కలోడా?" అన్నారు. రాయి పట్టుకుని పట్నం వెళ్లి చిట్టెమనిపించుకుని వచ్చాడని అప్పట్లో ఊరంతా తెలిసిపోయిందట. అప్పటినుంచీ అదే పేరు. ఆయన ఏం చెప్పినా, ఆఖరికి వాన వచ్చేలా ఉందన్నా, "సుక్కలోడి మాటలే" అని కొట్టేసేవారట. పంచాయితీల్లో నోరెత్తడం మానేశాడట. తర్వాత్తర్వాత టీ కొట్టుకి రావడమే మానేశాడట.

తోటలో జీడిగింజలు ఏరుతున్నాడు. ముసలివాడైపోయాడు. బావ చేతులు జోడించి జరిగిందంతా చెప్పాడు. రైతు చివరిదాకా విన్నాడు.

"నువ్వు అబద్ధం ఆడలేదు బాబూ. సూడలేదు, అంతే" అన్నాడు.

తిడితే బావ తట్టుకునేవాడు. ఆ మాటకి తట్టుకోలేకపోయాడు. రైతు వద్దంటున్నా చెయ్యి పట్టుకుని టీ కొట్టు దగ్గరికి తీసుకొచ్చాడు. అక్కడున్న నలుగురి ముందూ, తప్పు తనదేనని, ఆ రాయి ఆకాశం నుంచి పడిందేనని గట్టిగా చెప్పాడు. టీ పోస్తున్న మనిషి శ్రద్ధగానే విని, "అయితే ఆ రాయేదీ మరి?" అని అడిగాడు.

ఎవరో నవ్వారు. రైతు మెల్లగా చెయ్యి విడిపించుకుని తోట దారి పట్టాడు. ఉన్న అవమానానికి మేం ఆ రోజు ఇంకొంచెం కలిపి వచ్చాం.

తర్వాత బావ తిరగని చోటు లేదు. ఆ చిట్టెం గుట్ట ఎప్పుడో లారీలకెత్తేశారు. పల్లపు భూములు పూడ్చడానికి వేశారని ఒక పాత డ్రైవరు చెప్పాడు. వెళ్లి చూస్తే ఇళ్లు, సిమెంటు రోడ్లు. ఎవరి గచ్చు తవ్వమంటాం? అయినా వారానికోసారి అక్కడికి వెళ్లి, కాలవల గట్ల మీద ఒంగి రాళ్లు చూసుకుంటూ నడిచేవాడు. ఒకసారి నేను, ఇంక వదిలెయ్ బావా, అది దొరకదు అన్నాను.

"దొరకదని నాకూ తెలుసు బావా. ఇంటికాడ కూకుని ఏటి సేత్తాను?"

రాళ్లు తెచ్చేవాళ్లు మాత్రం మానలేదు. ప్రతి రాయినీ కడిగి, భూతద్దంతో పూటంతా చూసేవాడు. "సూసేక సెప్పాల గానీ, సెప్పేక సూడకూడదు" అనేవాడు నాతో. అంత జాగ్రత్తగా చూసినా ఒక్కటంటే ఒక్కటి నిజమైనది రాలేదు. అన్నీ చిట్టెమే. ఆయన జీవితంలో చేతికొచ్చిన సొంత ఉల్కాశిల ఆ ఒక్కటే, ఆయన కిటికీలోంచి విసిరేసిందే. చాలా విషయాలు నేర్పినందుకు ఆయనకి రుణపడి ఉన్నాను. కానీ ఆయన్ని ఆ ఒక్క రోజు నుంచి బయటికి లాగలేకపోయాను. ఆ రోజు నేనూ నవ్వానని ఆయన ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. నాకిప్పుడు అదే ఎక్కువ బాధగా ఉంది.

పదో రోజున రైతు వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఫోటో ముందు నిలబడి దండం పెట్టాడు. అక్క కన్నీళ్లతో, "ఆయన్ని మన్నించీ నాయనా" అంది.

రైతు తల దించుకున్నాడు. "ఆయన నమ్మేడు తల్లీ. మా ఊర్లో ఎవులూ నమ్మలేదు. ఇంక నమ్మేవోడే నేకుండా పోయేడు" అన్నాడు.

భోజనం చేసి వెళ్లమంటే వద్దన్నాడు. బస్సు స్టాపు దాకా నేను వెంట వెళ్లబోతే అదీ వద్దన్నాడు. కాసేపటికి అరుగు మీదికి వచ్చి చూశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో, నీడ లేని స్టాపులో ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన వెళ్లాల్సిన బస్సు వచ్చి ఆగింది. వెళ్లిపోయింది. ఇంకొకటి వచ్చింది. అదీ వెళ్లిపోయింది. ఆయన ఎక్కలేదు.