పుస్తకంలో వాళ్లకి ప్రార్థన

మా పక్కవాటాలో పాస్టరుగారి భార్య ఉండేది. నాకేమో సంతకం దాకానే చదువు. అందుకని మధ్యాహ్నాలు ఆవిడే గవర్నర్‌పేట అద్దెపుస్తకాల షాపు నుంచి నవలలు తెచ్చి చదివి వినిపించేది. చదువుతా చదువుతా ఆగిపోయి, కళ్లు మూసుకుని, కథలో వాళ్లకోసం ప్రార్థన చేసేసేది.

"రాసినాయన ఎప్పుడో రాసేశాడు కదండీ, ఇప్పుడు దేవుడు మాత్రం ఏం చేస్తాడు?" అని ఉడికించేదాన్ని.

"నువ్వు ముందు కళ్లు మూసుకో" అనేది.

ఒకసారి తెచ్చిన నవల్లో ఇద్దరు మగాళ్లు మొగుడూ పెళ్లాల్లా కలిసి బతుకుతారు. "వాళ్ల మనసు మార్చు ప్రభువా" అని రోజూ ప్రార్థనే. ఆవిడ సొంత తమ్ముడూ హనుమాన్ జంక్షన్‌లో స్నేహితుడితో అట్టాగే ఉంటున్నాడు. పాస్టరుగారు అతన్ని గడప తొక్కనివ్వలేదు.

నవల్లో తండ్రి కొడుకుని గెంటేసే చోటుకొచ్చేసరికి ఆవిడ పుస్తకం ఒళ్లో పడేసింది. "ఆ తండ్రి మనసు మార్చు ప్రభువా!" అని అరిచేసింది. వసారాలో కునుకుతున్న పాస్టరుగారు ఉలిక్కిపడి "ఆమెన్" అన్నారు.

"విన్నావుగా! క్రిస్మస్‌కి మావాళ్లిద్దర్నీ రమ్మని కబురంపుతున్నా" అంది నాతో.

పండగనాడు ఇద్దరూ వచ్చారు. పాస్టరుగారు మొహం గంటు పెట్టుకున్నారు.

"దేవుడితో ఆమెన్ అన్నాక మాట మారుస్తారాండీ?" అందావిడ.

పాపం, ఆయనే లేచెళ్లి రెండు కుర్చీలు తెచ్చి వేశారు.