మామయ్య ఊపిరి తీసుకునే చోటు

కట్టుడుపళ్ళు పెట్టించుకుని ఆస్పత్రి మెట్లు దిగుతుంటే ఎదురుగా పెళ్ళి ఊరేగింపు పోతోంది. ట్రాక్టరు మీద మనిషెత్తు స్పీకర్లు, వాటి మధ్య కీబోర్డు వాయించే కుర్రాడు. ఇదీ ఒక మేళమేనా అని గట్టిగా తిట్టబోయాను. కొత్త పళ్ళు జారాయి, తిట్టు నోట్లోనే ఉండిపోయింది. మా మేనమామ గుర్తొచ్చాడు.

డెబ్బైలలో నర్సీపట్నంలో పెళ్ళంటే మామయ్య బ్యాండు మేళమే. ముహూర్తం కుదరగానే ముందు ఆయనకే తాంబూలం ఇచ్చేవారు. ఎందుకంటే ఎదురుకోలు రోజున ఆడపెళ్ళివారు మేళంతో ఎదురెళ్ళాలి. మేళం రంజుగా లేకపోతే మగపెళ్ళివారు అడుగు కదపరు. ఎర్రకోటు వేసుకుని మామయ్య క్లారినెట్ ఎత్తాడంటే ఎంత బిగుసుకున్న వియ్యంకుడైనా కదలాల్సిందే. అలాంటి మనిషి ఎనభైల చివర్లో దాన్ని గుడ్డలో చుట్టేసి మెడకు కీబోర్డు తగిలించుకున్నాడు. వెనక రిక్షాలో బ్యాటరీ, స్పీకరు. ఊరు రెండైంది. కుర్రాళ్ళు దుమ్ము లేచేలా ఎగిరేవారు. పాత మేళమే కావాలనే మేం టీకొట్టులో కూర్చుని ఆ కీబోర్డు డబ్బా మీద మండిపడేవాళ్ళం. బడి ఐదో తరగతితో మానేసినా గ్రంథాలయంలో బీరువాలన్నీ చదివేశానన్న పొగరు నాది. అక్కడి గోడపత్రికలో రాసేశాను: “డబ్బా కోసం ఊపిరి వదులుకున్నాడు” అని. మామయ్య చదివాడట. మా గుమ్మం తొక్కడం మానేశాడు.

చెల్లి పెళ్ళి కుదిరింది. తన తమ్ముడు రాని పెళ్ళి వద్దని అమ్మ అన్నం మానేసింది. తాంబూలం పట్టుకుని నేనే వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి ఊరుకున్నానా? “డబ్బా వద్దు మామయ్యా, క్లారినెట్టే వాయించాలి” అన్నాను.

“పేపర్లో రాసినోడివి, నీ మాట కాదంతానేటి అల్లుడూ?” అన్నాడు.

యలమంచిలి పెళ్ళివారు వీధి మొదట్లో నిలబడ్డారు. మామయ్య ఊదాడు. కీచుమంది. మళ్ళీ ఊదాడు. గాలే వచ్చింది.

“ఏటండీ, మేళానికి జొరమొచ్చిందేటి?” అన్నాడు పెళ్ళికొడుకు బాబాయి. నవ్వులు. అమ్మ తల వంచుకుంది.

దగ్గరికి పరిగెత్తాను. మామయ్య రుమాలు విప్పి చూపించాడు. అందులో పైవరస కట్టుడుపళ్ళు.

“ఇవెట్టుకుంటే జారిపోతన్నాయి, తీసెస్తే క్లార్నెట్టు ఆనదు. మూడేళ్ళయినాది. మేళంలో ఆరుగురి ఇళ్ళల్లో పొయ్యెలగాలి కదరా, ఆ డబ్బా పట్టీసినాను.”

“నాతో చెప్పొచ్చు కదా?”

“నువ్వడగనేదు. రాసీసినావు.”

అందరూ వినేలా నేనే అరిచాను: “బేగి డబ్బా తియ్యి మామయ్యా!” మేళగాళ్ళకు ముందే తెలుసు కాబోలు, రిక్షా వెనకే ఉంది. క్లారినెట్ మీద వాయించే పాత పాటే ఎత్తుకున్నాడు. ఎక్కడెక్కడ ఊపిరి తీసుకునేవాడో అక్కడక్కడే ఆయన వేళ్ళూ ఒక్క క్షణం ఆగుతున్నాయి. ఆ డబ్బాను మూడేళ్ళు తిట్టినవాణ్ణి, ఒక్కనాడూ వినలేదు. పెళ్ళివారు కదిలారు. బాబాయిగారు రెండడుగులు ఎగిరారు కూడా. ఆ సాయంత్రం మామయ్య మా ఇంట్లో, అమ్మ మెత్తగా పిసికి పెట్టిన అన్నం తిన్నాడు.

ట్రాక్టరు మలుపు తిరిగేదాకా ఆస్పత్రి మెట్ల మీదే నిలబడ్డాను, ఆ వాయించేవాడు ఎక్కడ ఆగుతాడోనని. వినడం వంటబట్టడానికి, నాకూ పళ్ళు ఊడేంత కాలం పట్టింది.