పరుగెత్తేదీ ఫాస్టే, కదలనిదీ ఫాస్టే

ఆ అద్దకం షెడ్డులో అందరూ ఆమెను రంగులక్క అనేవారు. పాతికేళ్లుగా అదే పని. చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు, అంతే.

ఒకరోజు పొద్దున్నే యజమాని ఇంగ్లీషు ఉత్తరం ఊపుకుంటూ వచ్చాడు. ఓ నాటకాల కంపెనీకి ఎరుపు, తెలుపు గుడ్డలు కలిపి కుట్టిన చారల తెరలు నలభై కావాలట.

"రంగు ఫాస్ట్‌గా ఉండాలని రాశారు! రేపు సాయంత్రానికల్లా ఎర్రగుడ్డ మొత్తం ఆరిపోవాలి!"

"గంటసేపు బట్టల సోడా నీళ్లలో ఉంచకపోతే రంగు పట్టదు సార్."

"పావుగంట చాలక్కా. వాళ్లే ఫాస్ట్ అంటుంటే నీకెందుకు?"

షెడ్డంతా ఉరుకులు పరుగులు. మధ్యాహ్నానికి నాలుగు తానులు తీగలెక్కాయి. రంగులక్కకు మాత్రం మనసొప్పలేదు. బల్ల మీద ఉన్న ఉత్తరంలో తేదీ చూసింది. తెరలు అందాల్సింది మూడు వారాల తర్వాత! అంత గడువిచ్చినవాళ్లకు ఇంత తొందరేమిటి?

అన్నం కూడా తినకుండా, రెండు వీధుల అవతల బడిలో ఇంగ్లీషు చెప్పే మేనకోడలి దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మడూ, ఫాస్ట్ అంటే తొందరేనా? ఇంకేమైనా ఉందా?"

మేనకోడలు నిఘంటువు తెరిచింది. "ఫాస్ట్ రైలంటే వేగంగా పోయేది. గడియారం ఫాస్ట్ అంటే అసలు టైము కంటే ముందుందని. ఫాస్ట్ ఫ్రెండ్సంటే విడదీయలేనివాళ్లు..." వేలు ఇంకో వరుస కిందికి జరిగింది. "ఇదిగో అత్తా! ఫాస్ట్ రంగంటే ఎంత ఉతికినా దిగనిది!"

"అంటే పరుగెత్తేదీ ఫాస్టే, ఉన్నచోట కదలనిదీ ఫాస్టేనా?"

"అవునత్తా!"

"దీని దుంపతెగ!" అంటూ రంగులక్క పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే షెడ్డుకు వచ్చిపడింది.

యజమానిని తొట్టె దగ్గరికి పిలిచింది. తీగ మీది ఎర్రగుడ్డ నుంచి ఒక ముక్క కత్తిరించి, తెల్లగుడ్డతో కలిపి వేడి సబ్బునీళ్లలో జాడించింది. తెల్లగుడ్డ గులాబీ రంగుకు తిరిగింది. యజమాని మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది.

"వాళ్లడిగింది తొందరగా అద్దమని కాదు సార్, దిగని రంగు అద్దమని!"

ఆయన తల పట్టుకున్నాడు. మరుక్షణమే చొక్కా చేతులు మడిచాడు. "ఇప్పుడేం చేద్దామో చెప్పక్కా. నువ్వెలా అంటే అలాగే."

నాలుగు తానులూ మళ్లీ తొట్టెల్లోకి దిగాయి. గంటకు పైగా సోడాలో ఉంచారు. సబ్బునీళ్లలో మరిగించి, నీళ్లు తేటపడేదాకా జాడించారు. ప్రతి తానుకూ తెల్లగుడ్డ పరీక్ష పెట్టి, మచ్చ పడని ప్రతిసారీ రంగులక్క ఎగిరి గంతేసినంత పని చేసింది.

మూడు వారాలకు కంపెనీ మనిషి వచ్చాడు. తడి రుమాలుతో ఎర్రచారను గట్టిగా రుద్దాడు. అందరూ చుట్టూ మూగారు. రుమాలు తెల్లగానే ఉంది!

"ఇంకో అరవై తెరలు కావాలి" అన్నాడతను.

షెడ్డు కేకలతో దద్దరిల్లింది. అప్పటినుంచి ఇంగ్లీషు ఉత్తరం ఏదొచ్చినా యజమాని ముందు రంగులక్కకే ఇచ్చేవాడు. ఆమె సాయంత్రాలు మేనకోడలి పక్కన కూర్చుని నేర్చుకోసాగింది. మొదటి ఉత్తరం మొత్తం తానే చదవడానికి ముప్పావుగంట పట్టింది. చివరి వాక్యం మాత్రం కావాలనే రెండుసార్లు చదివింది, వీధిలోకి వినపడేలా.